నెరపును కప్పుటయా, కలుపుకొనుటయా?

ఒక్క తెల్లవెండ్రుక కనబడినంతనే రాజ్యమును కుమారున కప్పగించి తపోవృత్తికి వెడలిపోయిన మఖాదేవ మహారాజు కథ బౌద్ధజాతకములలో నున్నది. మంగలి ఆ వెండ్రుకను పెరికి రాజు చేతిలో నుంచిన ఘట్టమును భర్హుతు స్తూపశిల్పులు రాతిలో చెక్కి, దానికి పేరు కూడ వ్రాసి పెట్టిరి. ఆయనకు సరిగా ఎదుటి పక్షమున నిలిచినవాడు వరాహమిహిరుడు. ఆరవ శతాబ్దివాడైన ఈ జ్యోతిష్కుడు బృహత్సంహితలో పరిమళద్రవ్యములను గూర్చిన అధ్యాయమును కేశరంజనముతోనే ప్రారంభించి, తల నెరసినవానికి పూలదండలు గాని, ధూపములు గాని, మంచి వలువలు గాని, నగలు గాని శోభింపవు కనుక ముందు తలకు రంగు వేసికొనవలెనని చెప్పి, ధాన్యమును ఇనుపపాత్రలో పుల్లని ద్రవముతో నుడికించి, ఇనుపపొడి చేర్చి, తలకు పట్టించి ఆకులతో కట్టు విధమును వివరించినాడు. నెరపును అంగీకరించుట ఒక మార్గము, దానిని కప్పివేయుట రెండవ మార్గము. నేడు నరసరావుపేట పార్లరులలో ‘హైలైట్లు’ అను పేర వినవచ్చుచున్న పద్ధతి ఈ రెంటికిని నడుమ నడచు మూడవ మార్గము: అది తెల్లవెండ్రుకను తీసివేయదు, నల్లగా మార్చదు, దాని ప్రక్కన నున్న నల్లవెండ్రుకలలో కొన్నింటిని మాత్రమే సన్నని పాయలుగా ఏరి, గోధుమవన్నెకో రాగివన్నెకో తేల్చి, తెలుపునకును నలుపునకును గల వైరమును చల్లార్చును.

ఈ మార్గము మనకు ఎంతవరకు పనికివచ్చునో విచారింపబూనుటకు ముందు నా నిశ్చయమును చెప్పివేయుట మంచిది. నెరపును కప్పుటకంటె కలుపుకొనుట మేలనియు, అది నిన్న మొన్న పాశ్చాత్యదేశములనుండి దిగివచ్చిన వింత కాదనియు, గోరింటాకు పెట్టుకొను మన నాయనమ్మలు, పెద్దమ్మలు తరతరములుగా చేయుచున్నది సరిగా ఇదే యనియు నేను నమ్ముచున్నాను. అయితే బొమ్మల పుస్తకము చూపి వేయు బంగారుచారల పద్ధతిని ఉన్నదున్నట్లు పల్నాటి జడపైకి దింపుట సరికాదు. దానికి మన జుట్టు, మన నీరు, మన యెండ, మనము తల దువ్వుకొను తీరు ఒప్పుకొనవు.

వెండ్రుక నెరయుట యనగా ఉన్న వెండ్రుక తెల్లబారుట కాదు. చర్మము దాటి పైకి వచ్చిన వెండ్రుక నిర్జీవము. దాని రంగు దానితోనే యుండును. క్రింద కుదురులో నుండు వర్ణకణములు మెలనిన్ అను రంగుపదార్థమును తయారుచేసి, పెరుగుచున్న వెండ్రుకలో నింపుచుండును. ఒక్కొక్క వెండ్రుక కొన్నేండ్లు పెరిగి రాలిపోయిన తరువాత ఆ కుదురునుండియే మరియొకటి మొలచును. అట్లు మొలచిన ప్రతిసారి వర్ణకణములను క్రొత్తగా పుట్టింపవలసిన మూలకణముల నిల్వ వయసుతోపాటు తరిగిపోగా, ఒకనాడు వెండ్రుక రంగు లేకయే బయటికి వచ్చును. 2009లో ఐరోపా శాస్త్రజ్ఞులు నెరసిన కుదుళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడు పేరుకొనుచున్నదనియు, దానిని విరుగగొట్టు కాటలేజు అను ఎంజైము తగ్గిపోవుచున్నదనియు ప్రకటించిరి. అనగా పార్లరులో నల్లని జుట్టును వెలిసిపోజేయుటకు వాడు పదార్థమే కుదురులో సహజముగా చేరి ఆ పనిలో పాలుపంచుకొనుచున్నదన్న మాట. 2016లో లాటిన్ అమెరికా ప్రజలపై జరిగిన పరిశోధన ఐఆర్‌ఎఫ్4 అను జన్యువునకు నెరపుతో సంబంధము గలదని చూపినది. 2020లో హార్వర్డు పరిశోధకులు ఎలుకలలో తీవ్రమైన ఒత్తిడి నరముల ద్వారా వర్ణమూలకణములను హరించివేయుట కనుగొనిరి. క్రోధశోకశ్రమలవలన పుట్టిన వేడిమి పిత్తముతో గూడి శిరస్సునకెక్కి కేశములను పండించునని సుశ్రుతుడు చెప్పిన మాట ఈ సందర్భమున ఎవరికైన గుర్తుకు రాక మానదు.

ఏబది యేండ్లు వచ్చుసరికి సగముమందికి సగము తల నెరయునని లోకములో ఒక లెక్క చెప్పుదురు. అది అతిశయోక్తియని 2012లో ప్రకటితమైన, పలుదేశములలో 4 వేలకు పైబడిన స్త్రీపురుషులను పరిశీలించిన అధ్యయనము తేల్చినది: అట్టివారు నూటికి 6 మొదలు 23 మంది మాత్రమే, అందును ఆసియావాసులకును, ఆఫ్రికావాసులకును నెరపు తెల్లజాతులవారికంటె ఆలస్యముగా, తక్కువగా వచ్చును. మరి మనవారికి నెరపు ఇంత త్వరగా వచ్చినట్లు తోచుటకు కారణమేమి? నలుపుపై తెలుపు కొట్టవచ్చినట్లు కనబడుటయే. గోధుమవన్నె జుట్టు గల ఐరోపా స్త్రీకి నూరు తెల్లవెండ్రుకలు వచ్చినను పొరుగువారికి తెలియదు. గురజాల యువతికి పాపటలో పది వచ్చిన చాలును, పెండ్లికి వచ్చిన చుట్టములందరు గమనింతురు.

ఇక్కడనే మన విషయమునకు మూలమైన యొక సత్యమున్నది. బూడిదవన్నె వెండ్రుక యనునది చాలవరకు లేదు. ఉన్నవి నల్లవి, తెల్లవి. ఆ రెండును కలిసి దూరపుచూపునకు బూడిదవన్నెగా తోచును. నల్లపోగును, తెల్లపోగును పడుగుపేకలుగా నేసిన చీర నాలుగడుగుల దూరమునకు బూడిదరంగుగా కనబడుట ఎట్టిదో ఇదియు నట్టిదే. కాబట్టి తల యెట్లు కనబడవలెనన్న దానిని నిర్ణయించునది ఒక్కొక్క వెండ్రుక రంగు కాదు, ఆ రంగుల పాళ్లు. ప్రతి తెల్లవెండ్రుకను వెదకి నల్లచేయనక్కరలేదు. నలుపు తెలుపుల నడుమ మూడవ వన్నె యొకటి కొంత చేర్చిన చాలును, కన్ను తెలుపును వేరుగా పట్టుకొనుట మానివేయును. హైలైట్ల విద్య అంతయు ఈ దృష్టిధర్మముపై నిలిచియున్నది.

కప్పివేయు విద్య మాత్రము రసాయనశాస్త్రముపై నిలిచినది. 1856లో పెర్కిన్ అను ఆంగ్లయువకుడు బొగ్గుతారునుండి కృత్రిమవర్ణమును తీసినది మొదలు వెలువడిన రంగుల పరంపరలో పారాఫెనిలీన్ డైఅమీను అను పదార్థము జుట్టు లోపలికి చొచ్చి పెరాక్సైడుతో కలిసి స్థిరమైన నలుపుగా మారునని తెలిసినది. 1907లో ప్యారిసులో యూజెన్ షువెల్లరు అను రసాయనికుడు దానిపై తన వ్యాపారమును ప్రారంభింపగా, 1909లో స్థాపితమైన ఆ సంస్థయే నేటి లోరియాల్. మనదేశమున గోద్రెజ్, వాస్మాల్ అను పేర్లు వినని పల్లె లేదు. మాచర్ల బస్టాండు ఎదుట నున్న ఏ చిల్లరకొట్టులో నైనను రంగు ప్యాకెట్లు షాంపూ ప్యాకెట్ల ప్రక్కన దండలుగా వ్రేలాడుచుండును. పదుల రూపాయలతో, అరగంట కాలముతో పని ముగియును. దీని సౌలభ్యమును తక్కువగా చూడరాదు. మిరపకోతకు పోవు కూలిస్త్రీకి గాని, మేస్త్రీకి గాని పార్లరుకు పోవు తీరిక లేదు, వేలు ఖర్చుపెట్టు స్తోమత లేదు.

అయినను కప్పివేయుటలో ఉన్న బాధ మూడు వారములకే బయటపడును. వెండ్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. నడుమ పాపట తీసి, నూనె రాసి, బిగించి జడ వేసికొను స్త్రీకి ఈ పెరుగుదల అంతయు పాపటకు రెండువైపుల సన్నని తెల్లగీతగా, కణతల వద్ద తెల్లని అంచుగా నిలుచును. క్రింద బొగ్గువంటి నలుపు, పైన ముగ్గువంటి తెలుపు. రంగు వేయక ముందు చెల్లాచెదరుగా నుండి అంతగా కనబడని నెరపు, రంగు వేసిన పిమ్మట సరిహద్దు గీసినట్లు కనబడును. ఆ గీతను చెరుపుటకు మరల రంగు, మూడు వారములకు మరల రంగు. ఒకసారి ప్రారంభించినవారు విడువలేకపోవుటకు కారణమిదియే. సవరము పెట్టుకొను పెద్దవయసువారి జడలో ఇంకొక చిక్కు: సవరము కారునలుపు, మాడు తెలుపు, నడుమ రంగు దిగిపోయి ఎర్రబారిన జుట్టు, మూడును మూడు తీరులుగా నుండును.

ఆరోగ్యము మాట చెప్పవలసినది. ఈ నల్లరంగు కొందరి శరీరమునకు సరిపడదు. నొసలు, చెవులు, కనురెప్పలు వాచి, దురదపుట్టి, రసి కారును. ఒకసారి సరిపడనివారికి తరువాత ప్రతిసారి మరింత తీవ్రముగా వచ్చును. అందుచేతనే చెవి వెనుక గాని, మోచేతి మడతలో గాని కొంచెము రాసి 48 గంటలు వేచి చూడవలెనని వైద్యులు చెప్పుదురు. మనదేశపు నిబంధనల ప్రకారము ఇట్టి రంగుల పెట్టెలపై ముందుగా పరీక్షించుకొనవలెననియు, కనుబొమలకు, కనురెప్పల వెండ్రుకలకు వాడరాదనియు, వాడిన చూపు పోవచ్చుననియు హెచ్చరిక ముద్రింపవలెను. ఆ చిన్న అక్షరములను చదువువారెందరు? కనుబొమలకు రంగు వేయుమని అడుగువారిని, వేయువారిని మన ఊళ్లలో ఇంకను చూచుచునే యున్నాము. మరియొక విషయము అంతకంటె గురుతరమైనది. ఈ రంగు కడుపులోనికి పోయిన యెడల గొంతు వాచి ఊపిరాడక, కండరములు, మూత్రపిండములు చెడి ప్రాణాపాయము కలుగుటను తెలుగునాటి ఆసుపత్రుల వైద్యులు ఎన్నియో పత్రములలో వ్రాసియున్నారు. రంగు ప్యాకెట్టును మందులకంటె జాగ్రత్తగా, తాళములో నుంచవలెను.

ఇక హైలైట్ల సంగతి. పెరాక్సైడు జుట్టును వెలిసిపోజేయునన్నది 1867 నాటి ప్యారిసు ప్రదర్శనముననే లోకమునకు చూపబడినది. కొన్ని పాయలను మాత్రము వెలిసిపోజేయుట తరువాతి కాలపు కల్పన: మొదట రంధ్రములు గల రబ్బరుటోపీ తలకు తొడిగి, కొక్కెముతో పాయలను బయటికి లాగి మందు పూసెడివారు, పిమ్మట రేకు వచ్చినది, 1970లలో ప్యారిసు కళాకారులు రేకు లేకయే కుంచెతో జుట్టుపై చారలు దువ్వు బాలయాజ్ పద్ధతిని తీర్చిరి. పని వివరము ఇది. తోకదువ్వెన మొనతో పాపట ప్రక్క నుండి సన్నని పొరను తీసి, అందులో ఒక పోగు విడిచి ఒక పోగు ఎత్తి, ఎత్తిన వానిని అల్యూమినియం రేకుపై పరచి, పెర్సల్ఫేటు గల తెల్లని బ్లీచుపొడిని పెరాక్సైడు ద్రవముతో పెరుగువలె కలిపి, మాడునకు తగులకుండ కుంచెతో పూసి, రేకును మడచివేయుదురు. పెరాక్సైడు బలమును వాల్యూములలో చెప్పుదురు: 10 వాల్యూములన్నది నూటికి 3 పాళ్లు, 20 అన్నది 6, 30 అన్నది 9, 40 అన్నది 12. మన జుట్టు నల్లగా నున్నది గదా యని 40ని తీయు పార్లరు అనుభవములేని పార్లరు. 20తో ఓపికగా చేసినదే నిలుచును. కడిగిన పిమ్మట టోనరు అను తేలికరంగు పూసి వన్నెను సరిదిద్దుదురు.

నెరపు కొద్దిగా నున్నవారికి లేతచారలు వేయుదురు. సగము దాటి నెరసినవారికి తెలుపు నడుమ ముదురుచారలు దింపుదురు, వానిని లోలైట్లు అందురు. రెంటి ఫలము ఒకటే: మూడవ వారమున పాపటలో గీత పుట్టదు. క్రొత్తగా మొలచిన తెల్లవెండ్రుకకు ప్రక్కన లేతవన్నె పోగుండుటచేత అది దానిలో కలిసిపోవును. మరల పార్లరుకు పోవుట మూడు నెలలకో, నాలుగు నెలలకో పడును. మాడునకు మందు తగులదు గనుక సరిపడని బాధ కూడ చాలవరకు తగ్గును. ఇవి నిజమైన లాభములు; వీనిని కాదనుటకు వీలులేదు.

కాని ఈ విద్య పుట్టిన దేశములలో జుట్టు గోధుమవన్నెది. అక్కడ ఒకటి రెండు మెట్లు తేల్చిన చాలును, తెలుపునకు చేరువ యగును. మన జుట్టు మెట్లలో అన్నిటికంటె క్రింద నున్నది. దానిని బ్లీచు చేసినప్పుడు నలుపు తిన్నగా పసుపు కాదు. ముందు ఇటుకయెరుపు, తరువాత నారింజ, తరువాత ముదురుపసుపు, చిట్టచివర లేతపసుపు. తెల్లవెండ్రుకతో సరిపోల్చదగినంత లేతగా తేలునప్పటికి వెండ్రుక పైపొర చితికి, నీటిలో నానిన నారవలె సాగును, దువ్వెనకు తెగును. నారింజ వద్ద ఆపి నీలిఛాయ టోనరు వేసిన గోధుమవన్నె వచ్చును గాని, టోనరు కొన్ని వారములలో కడుక్కుపోగా అడుగున నున్న నారింజ మరల బయటపడును. నగరములలో పదిరోజుల కొకసారి పార్లరుకు పోవువారికి ఇది చిన్న సమస్య కావచ్చును. కారంపూడి నుండి బస్సెక్కి రావలసినవారికి పెద్ద సమస్యయే. పైగా మన స్త్రీలు జుట్టు విరబోసికొనరు. విరబోసిన జుట్టులో అందముగా చెదరిపోవు లేతచార జడలో మూడు పాయల అల్లికలో పడి మెలికలుగా తేలి, ఎడమెడముగా కనబడును. కాబట్టి మనవారికి వేయవలసిన చారలు కొద్దిగా, దారమంత సన్నముగా, పాపట ప్రక్కను, కణతల వద్దను మాత్రమే యుండవలెననియు, వన్నె బంగారము కాక ముదురుగోధుమయో, రాగియో కావలెననియు నా దృఢాభిప్రాయము.

నరసరావుపేటలో చీరల కొట్టు మీది అంతస్తున నున్న ఒక చిన్న పార్లరులో, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ముందు రద్దీ దినములలో, ఈ విషయమున నాకు మిక్కిలి నచ్చిన సంభాషణ నొకదానిని వింటిని. కుర్చీలో కూర్చున్నది నడివయసు ఉపాధ్యాయిని. వెనుక నిలిచినది పాతికేండ్ల అమ్మాయి.

“అక్కా, ఇంతకుముందు తలకేం పెట్టారు?”

“మెహందీయేనమ్మా. ఇంకేం పెట్టలా.”

“ఆకు నూరిందా, ప్యాకెట్టుదా?”

“ప్యాకెట్టుదే. కడిగినరోజే నల్లగా అయిపోద్ది.”

“అయితే ఇవాళ వద్దక్కా. మెడ కాడ నాలుగు వెంట్రుకలు కత్తిరించి మందులో వేసి చూస్తా. ఏమీ కాకపోతే రేపు రండి.”

ఆ అమ్మాయి ఒకనాటి సంపాదనను వదలుకొని చెప్పిన ఈ మాటలో శాస్త్రమంతయు నున్నది. గోరింటాకు ఎన్నడును నల్లరంగు నీయదు. పూసిన గంటలోనే నలుపునిచ్చు ‘నల్లమెహందీ’ పొడులలో చాలవరకు ఉండునది పైన చెప్పిన బొగ్గుతారు రంగే. కొన్ని మిశ్రమములలో లోహలవణములు కూడ ఉండును. లోహలవణములు పట్టిన జుట్టుపై పెరాక్సైడు పడిన యెడల అది వేడెక్కి, పొంగి, జుట్టు కాలిపోవచ్చును. కత్తిరించిన నాలుగు వెండ్రుకలను పెరాక్సైడులో కొన్ని చుక్కల అమ్మోనియాతో అరగంట నుంచి చూచుట ఇందుకే. శుద్ధమైన గోరింటాకు పెట్టినవారి జుట్టు కాలిపోదు గాని, ఆ యెరుపు బ్లీచునకు సులభముగా లొంగదు. దానిపై నీలియాకు కూడ పెట్టియున్నచో పచ్చఛాయ తేలవచ్చును. తలకు పూర్వము ఏమి పెట్టిరో అడుగక రేకు చేతబట్టిన పార్లరునుండి వెంటనే లేచి రావలెను.

గోరింటాకు ప్రసక్తి వచ్చినది గనుక దానిని కొంచెము విస్తరించి చెప్పవలెను. ఏలయన ఈ సమస్యకు మన యింటిలోనే యున్న సమాధానమది. ఆకులోని లాసోన్ అను పదార్థము వెండ్రుకలోని మాంసకృత్తును గట్టిగా పట్టుకొని నారింజయెరుపు వన్నెనిచ్చును. నల్లవెండ్రుకపై ఆ వన్నె యెండలో తప్ప కనబడదు. తెల్లవెండ్రుకపై మాత్రము రాగితీగవలె మెరయును. అనగా తల అంతటికి పెట్టినను అది మార్చునది తెల్లవానిని మాత్రమే. అవి యెక్కడెక్కడ మొలచియున్నవో అక్కడక్కడనే రాగిపోగులుగా తేలును. రేకు లేదు, ఏరుకొనుట లేదు, వెలిసిపోజేయుట లేదు. ప్రకృతి తానే ఏరిపెట్టిన పోగులకు వన్నె వేయుట. పార్లరులో గంటల తరబడి శ్రమించి సాధించు సన్నని, క్రమము తప్పిన, సహజమైన చారలు ఇంతకంటె చక్కగా ఎవరు వేయగలరు?

గురజాల ప్రాంతపు ఇండ్లలో దీనిని తయారుచేయు తీరు చూడదగినది. పెరటిలోని కొమ్మలనుండి దూసిన లేతాకును రోటిలో మెత్తగా నూరి, టీడికాక్షను, నిమ్మరసము, ఎండుసిరికపొడి చేర్చి, ఇనుపమూకుడులో పోసి రాత్రి అంతయు నాననిత్తురు. తెల్లవారుసరికి మూకుడు అంచున ముద్ద నల్లబారి యుండును. ఉసిరికలోను, టీలోను గల వగరు ఇనుముతో కలిసి నలుపగుట, కరక్కాయకు అన్నభేది చేర్చి వెనుకటివారు సిరా కాచుకొనిన రసాయనమే. వరాహమిహిరుని ఇనుపపాత్రయు ఇదియే. ఈ ఇనుపనలుపు రాగివన్నెను కొంత తగ్గించి గోధుమవైపు తిప్పును. మరింత ముదురు కావలెనన్నవారు గోరింటాకు కడిగిన పిమ్మట నీలియాకుపొడిని ఉత్తనీటిలో కలిపి వెంటనే పెట్టుకొందురు. ఆకులోని పదార్థము గాలి తగిలి నీలముగా మారి, నారింజపై పడి ముదురుగోధుమయో నలుపో యగును. నీలి మన దేశమునకు క్రొత్త కాదు. 17వ శతాబ్దిలో డచ్చివారు నాగులవంచలో స్థావరము పెట్టి నీలిమందు కొనిరి. 1897లో జర్మనుల కృత్రిమనీలము అంగడికి రాగా ఆ సేద్యము క్రమముగా అంతరించినది. నేడు జుట్టు నిమిత్తమై ఆ ఆకు తిరిగి ప్యాకెట్లలో అమ్ముడుపోవుచున్నది.

గుంటగలగర సంగతి వేరు. ఆయుర్వేదములో భృంగరాజమని ప్రసిద్ధమైన ఈ మొక్క సాగరుకాలువ గట్లమీద, మాగాణి గట్లమీద దానంతటదే మొలచును. దాని పసరును నూనెలో కాచి తలకు రాయుదురు. దానివలన తలకు చలువయు, నూనె రాయుట వలన జుట్టునకు నునుపును కలుగునుగాని, రంగు పోయిన కుదురునకు రంగు తిరిగివచ్చునని చెప్పుటకు తగిన ప్రమాణము లేదు. ఆ నూనెను వాడవలదని నేననను. దానిపై ఆశ పెట్టుకొని సీసాకు వందలు పోయుట మాత్రము తగదు.

పల్నాటి నీటిని గూర్చి ఏ సౌందర్యగ్రంథమును చెప్పదు. ఈ ప్రాంతపు నేల సున్నపురాయి నేల. నాపరాళ్లకు, సిమెంటు కర్మాగారములకు, పిడుగురాళ్ల సున్నపుబట్టీలకు ఆధారమైన ఆ రాయి గుండనే బోరునీరు ఊరివచ్చుచున్నది. కాల్షియము నిండిన ఆ గట్టినీరు సబ్బును నురుగనీదు. వెండ్రుకపై సన్నని పొర పేరుకొని, జుట్టు బిరుసెక్కి, బ్లీచు చేసిన చారలు త్వరగా కాంతి తప్పి మట్టివన్నె కెక్కును. కడపటి చెంబు నీటిలో రెండు చెంచాల నిమ్మరసము పిండి పోసికొనుట దీనికి సులభమైన ఉపాయము. ఇక యెండ: రాష్ట్రమున మిక్కిలి వేడిమి నమోదగు ఊళ్లలో రెంటచింతల పేరు ప్రతి వేసవిలోను పత్రికలలో కనబడును. ఆ యెండ మెలనిను లేని వెండ్రుకను పచ్చబరచును, వేసిన వన్నెను లాగివేయును. పొలములోను, బజారులోను తలపై కొంగు కప్పుకొనుట మనవారికి నేర్పవలసిన పని కాదు. హైలైట్లు వేయించుకొన్నవారు ఆ అలవాటును నామోషీగా నెంచి విడువకుండిన చాలును. నూనె విషయమున మన పెద్దల ఆచారమే నెగ్గినది: కొబ్బరినూనె వెండ్రుకలోనికి చొచ్చి, తలంటు సమయమున మాంసకృత్తు నష్టమును తగ్గించునని 2003లో ముంబయి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. బ్లీచు చేసిన జుట్టునకు తలంటునకు ముందురాత్రి కొబ్బరినూనె పట్టించుటకంటె మంచి సంరక్షణ నాకు తెలియదు.

పురుషుల విషయము క్లుప్తముగా ముగింపవచ్చును. పొట్టిజుట్టు నెలకొకసారి కత్తెరకు పోవును గనుక ఏ తప్పైనను రెండు నెలలలో రాలిపోవును. మంగలిషాపులో కారునలుపు రంగును మీసమునకు కూడ పట్టించి, ముఖమున నలుపు తప్ప వేరేదియు కనబడకుండ చేయుటకంటె, తేలికయగు గోధుమవన్నెను అయిదు నిమిషములుంచి కడిగివేసిన తెలుపు సగము తగ్గి హుందాగా నుండును. మీసమును మాత్రము విడిచిపెట్టుట మంచిది.

అసలు దాచవలయునా యన్న ప్రశ్న మిగిలియున్నది. 1980లో మెదకు నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికైన ఇందిరాగాంధీ నొసటినుండి వెనుకకు పోవు తెల్లపాయ తెలుగుపల్లెల గోడలమీది బొమ్మలలో కూడ గుర్తుపట్టదగిన చిహ్నమై యుండెను. ఆమె దానిని కప్పలేదు, కలపలేదు. అయితే ప్రధానమంత్రికి చెల్లినది సంబంధములు వెదకుచున్న ముప్పదియేండ్ల ఆడుబిడ్డకు మన సమాజమున చెల్లుచున్నదా? చెల్లుట లేదు. పెండ్లిచూపులనాడు వరుని బట్టతలను క్షమించు పెద్దలే వధువు పాపటలోని నాలుగు తెల్లవెండ్రుకలను లెక్కింతురు. ఈ అన్యాయము పోవువరకు దాచుకొనువారిని నిందించు అధికారము ఎవరికిని లేదు. పాతికేండ్లలోపు నెరసినవారు మాత్రము పార్లరునకు పోవుటకు ముందు వైద్యునొద్దకు పోవలెను: బాలనెరుపు చాలవరకు వంశానుగతమే యైనను, బి12 విటమిను లోపము, థైరాయిడు దోషము, ఇనుపధాతువు తక్కువగుట వానివలనను రావచ్చును, అట్టి లోపములు రక్తపరీక్షలో తెలియును, చికిత్సకు లొంగును, కొందరికి నలుపు కొంత తిరిగివచ్చును కూడ.

రంగు మానవలెనని నిశ్చయించుకొన్నవారికే హైలైట్లు అన్నిటికంటె ఎక్కువ ఉపకారము చేయునని నాకు తోచుచున్నది. 2020 మార్చి కడపటినుండి లాక్‌డౌనులో పార్లరులు, మంగలిషాపులు మూతపడగా ఎందరో మొదటిసారిగా తమ అసలు జుట్టును చూచుకొనిరి. కొందరు ఆ తెలుపును ఉంచుకొనదలచిరి గాని, నెలకు సెంటీమీటరు పెరుగు జుట్టు 60 సెంటీమీటర్ల జడగా మారుటకు అయిదేండ్లు పట్టును. అంతకాలము సగము తెలుపు సగము నలుపు జడతో తిరుగుట ఎవరికిని ఇష్టముండదు. ఆ యేడే ఫిబ్రవరిలో ఆస్కారు వేదికపై హాలీవుడు నటి జేన్ ఫాండా వెండిజుట్టుతో కనబడినది. రంగువేసిన భాగమును తేల్చి, మొలచుచున్న తెలుపుతో కలిపించుకొనినందున ఆమెకు నిరీక్షణ తప్పినది. నల్లజుట్టునకు అంత సాహసము వద్దు. రంగువేసిన భాగములో నాలుగైదు నెలల కొకసారి కొన్ని ముదురుగోధుమ చారలు తేల్చుచు, చివరలను కొద్దికొద్దిగా కత్తిరించుకొనుచు పోయిన, రెండేండ్లకు భుజములవరకు జుట్టు సరిపడును. సరిహద్దుగీత ఏనాడును కనబడదు.

ఇంతవరకు కుర్చీలో కూర్చున్నవారిని గూర్చియే చెప్పితిని. వెనుక నిలిచియున్నవారిని గూర్చి మన పత్రికలు వ్రాయుట లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ అనుబంధమైన క్యాన్సరు పరిశోధనసంస్థ 2010లో ప్రకటించిన నిర్ణయములో, స్వంతమునకు రంగు వాడువారి విషయమున క్యాన్సరు కలుగునని గాని, కలుగదని గాని తేల్చుటకు ఆధారము చాలదన్నది. మంగలి, కేశాలంకరణ వృత్తులలో నిత్యము వానితో పనిచేయువారి విషయమున మాత్రము క్యాన్సరు కలుగుటకు బహుశా అవకాశమున్నదని వర్గీకరించినది. బ్లీచుపొడిలోని పెర్సల్ఫేటు గాలిలో లేచి, పీల్చినవారికి ఉబ్బసమును, చేతులకు తామరవంటి పుండ్లను తెచ్చుట వైద్యలోకమునకు బాగుగా తెలిసిన విషయము. మన ఊళ్ల పార్లరులు ఏ.సి. పెట్టి కిటికీలు మూసిన చిన్నగదులు. పనిచేయు అమ్మాయిలు పదునెనిమిది, ఇరువది యేండ్లవారు. చేతితొడుగుల పెట్టె యజమానురాలి బీరువాలో నుండును. బ్లీచును కిటికీ ప్రక్కన కలుపుట, పొడిని ఎగురకుండ నెమ్మదిగా వంచుట, చిరిగినంతనే తొడుగులు మార్చుట, కడుగునప్పుడు కూడ తొడుగులు తీయకుండుట, ఇవి ఖర్చులేని జాగ్రత్తలు. తనకు చారలు వేయువారి చేతులకు తొడుగులున్నవో లేవో చూచి, లేకున్న తెప్పించుమని అడుగుట కుర్చీలో కూర్చున్నవారు చేయదగిన పని. ఆ తొడుగుల ఖరీదును తన బిల్లులో వేయుమని చెప్పినను తప్పులేదు.